లూపస్ ఉన్న చెల్లెలిని ఇంట్లో ఎలా చూసుకోవాలి?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో మిరప సాగు చేసే కుటుంబం. మా చెల్లెలికి 24 ఏళ్లు. సంక్రాంతి వెళ్లిన తర్వాత వేళ్ల కణుపులు, మోకాళ్లు నొప్పులని మొదలుపెట్టింది. సాయంత్రం పూట జ్వరం, జుట్టు ఊడటం, బుగ్గల మీద కమిలినట్టు ఎర్రదనం వచ్చాయి. ఎండదెబ్బ అనుకొని ఊళ్లోనే నొప్పుల సూదులు వేయించాం. నాలుగు నెలలకు కాళ్లు వాచి, కళ్ల కింద ఉబ్బితే హైదరాబాద్ తీసుకెళ్లాం. కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించి లూపస్ అన్నారు, ఒంటిని కాపాడే రోగనిరోధక శక్తే సొంత ఒంటి మీదికి తిరిగే జబ్బట. మూడు రోజులు సెలైన్‌లో స్టెరాయిడ్ ఎక్కించి, ప్రెడ్నిసొలోన్ 40 మిల్లీగ్రాములు, మైకోఫినోలేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్, బీపీ మాత్ర, కాల్షియం రాసి ఇంటికి పంపారు. నెల తిరిగేసరికి వాపు, నొప్పులు తగ్గాయి గాని ముఖం గుండ్రంగా అయిపోయింది. స్టెరాయిడ్ మానేసి పసరు మందు పోయిద్దామని మా నాయనమ్మ పట్టుబడుతోంది. ఇంట్లో దాని కంచం, గ్లాసు కూడా వేరు చేశారు. ఏం పెట్టాలి, దేనికి భయపడాలి, పెళ్లి మాట ఏం చేయాలి? చూసుకునేది నేనే. నాకు నర్సు పని తెలియదు.
ఒక అక్క

సమాధానం:

అమ్మా,

మీ ప్రశ్నల్లో ముందుగా నాయనమ్మ గారి మాటకు జవాబు చెబుతాను. మిగతావాటిలో రెండు రోజులు ఆలస్యమైనా సర్దుకోవచ్చు గాని, ఈ విషయంలో పొరపాటు జరిగితే అమ్మాయి ప్రాణం మీదికి వస్తుంది. ప్రెడ్నిసొలోన్ అనే ఆ స్టెరాయిడ్ మాత్రను డాక్టరు చెప్పకుండా మానకూడదు, సొంతంగా తగ్గించనూ కూడదు. మన మూత్రపిండాల పైన టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే హార్మోనును తయారుచేస్తుంటాయి. అదే జాతి మందు బయటి నుంచి ఎక్కువ మోతాదులో వారాల తరబడి అందుతుంటే ఆ గ్రంథులు పని మానేసి నిద్రపోతాయి, వాటిని మళ్లీ లేపడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది. శరీరం రోజూ తయారుచేసుకునే కార్టిసాల్ దాదాపు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌కు సమానం, మీ చెల్లెలు వేసుకుంటున్నది 40. అందువల్లనే డాక్టర్లు ఆ మోతాదును మెట్టు మెట్టుగా దించుతారు గాని ఒక్కసారిగా ఆపరు.

నేను మెడికల్ వార్డులో సిస్టరుగా ఉన్న రోజుల్లో ఒక వేసవి మధ్యాహ్నం ఒక అమ్మాయిని మోసుకొచ్చారు. ఆగని వాంతులు, చల్లబడిన చేతులు, పై బీపీ 80 దగ్గర ఉంది, పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంటోంది. వడదెబ్బ అని తల్లి చెప్పింది, బయట ఎండ చూసి మేమూ అదే అనుకున్నాం. సెలైన్ పెడుతూ చీటీల కోసం ఆమె చేతిసంచి వెతికితే అడుగున ప్రెడ్నిసొలోన్ స్ట్రిప్పు దొరికింది, పదికి పది మాత్రలూ అలాగే ఉన్నాయి. అక్క పెళ్లి ఫొటోల్లో ముఖం ఉబ్బి కనిపిస్తుందని పది రోజుల నుంచి ఎవరికీ చెప్పకుండా మానేసింది. హైడ్రోకార్టిజోన్ ఇంజెక్షన్ పడ్డాక సాయంత్రానికి లేచి కూర్చుంది గాని, అణిగిన లూపస్ మళ్లీ రేగి మరో మూడు వారాలు మంచం మీదే ఉంది. ఆ స్ట్రిప్పు కంటపడకపోతే ఏమయ్యేదో ఆలోచించడానికి నాకు ఇప్పటికీ ఇష్టం ఉండదు.

అయితే నాయనమ్మ గారు చెప్పేది పూర్తిగా తప్పని నేను అనను. స్టెరాయిడ్ ఎక్కువ కాలం ఎక్కువ మోతాదులో పడితే షుగరు, బీపీ పెరగడం, ఎముకలు గుల్లబారడం, అంటురోగాలు సులువుగా రావడం నిజమే. తుంటి ఎముకకు రక్తప్రసారం దెబ్బతిని గజ్జల్లో నొప్పితో కుంటడం మొదలయ్యేవారూ ఉంటారు, కాబట్టి అలాంటి నొప్పిని లూపస్ కీళ్లనొప్పి అనుకొని వదిలేయకండి. డాక్టర్లు కూడా నాయనమ్మ గారితో సమానంగానే భయపడతారు కనుక నెలలు గడిచేకొద్దీ మోతాదును రోజుకు 5 మిల్లీగ్రాములకో, ఇంకా కిందికో తేవాలని చూస్తారు. మైకోఫినోలేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్ రాసిందే అందుకు. ఆ రెండూ సరిగ్గా పడితేనే స్టెరాయిడ్ తగ్గుతుంది. ఈ మాటను నాయనమ్మ గారికి ఇదే వరుసలో చెప్పి చూడండి, స్టెరాయిడ్ తగ్గించే దారి ఇదేనని తెలిస్తే ఆమె మీ పక్షానికి రావచ్చు. మోతాదు తగ్గేకొద్దీ ముఖం కూడా మునుపటి ఆకారానికి వస్తుంది, కాకపోతే కొన్ని నెలలు ఓపిక పట్టాలి.

పసరు మందులో ఏముందో పోసేవారు చెప్పరు, కాబట్టి దెబ్బతిన్న కిడ్నీ మీద దాన్ని ప్రయోగించడానికి వీల్లేదు. రోగనిరోధక శక్తిని పెంచుతాయని చెప్పే కషాయాలు, పొడులు కూడా వద్దు. లూపస్‌లో ఆ శక్తి తక్కువ కాలేదు, దారితప్పి సొంత కణాల మీదికే తిరిగింది. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయం తాగిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ముంబయి వైద్యులు 2021లో నివేదించారు, వారిలో ఇలాంటి స్వయంప్రతిరక్షక జబ్బులున్నవారు ఉన్నారు.

కంచం, గ్లాసు సంగతి ఒక్క మాటలో చెబుతాను. లూపస్ అంటువ్యాధి కాదు. ముట్టుకుంటేనో, ఒకే కంచంలో తింటేనో, పక్కన పడుకుంటేనో రాదు. నిజానికి జాగ్రత్త పడవలసింది మీ నుంచి ఆమెకు ఏదైనా సోకకుండా, అంతేగాని ఆమె నుంచి మీకు కాదు. ఆ కంచాన్ని ఈ రోజే మిగతావాటిలో కలిపేయండి.

ఇక నర్సు పని తెలియదన్నారు. ఇంట్లో చేయవలసిన నర్సు పనిలో ఎక్కువ భాగం గమనించడం, రాయడం. డాక్టరు ఆమెను నెలకో, రెండు నెలలకో పది నిమిషాలు చూస్తారు, మధ్యలో జరిగేదంతా చూసేది మీరే. లూపస్ చాలామందిలో ఒక్కసారిగా విరుచుకుపడదు, చిన్న చిన్న గుర్తులు చూపిస్తూ వస్తుంది, అవి కాగితం మీద లేకపోతే పది నిమిషాల్లో ఎవరికీ గుర్తుకు రావు. ఒక రూళ్ల పుస్తకం కొని రోజుకు ఒక వరుస చొప్పున తేదీ, బరువు, బీపీ, జ్వరం, మూత్రం గురించి ఒక మాట, కొత్తగా కనిపించింది ఏదైనా ఉంటే అది రాయండి. ఉదయం లేచి మూత్రానికి వెళ్లొచ్చిన తర్వాత, ఏమీ తినకముందు, అదే బరువు యంత్రం మీద, దాదాపు అలాంటి బట్టలతోనే బరువు చూడాలి. రెండు మూడు రోజుల్లో కిలో, కిలోన్నర పెరిగితే అది ఒళ్లు చేయడం కాదు, నీరు చేరడం. బీపీ చూసేముందు ఐదు నిమిషాలు కుర్చీలో ఆనుకొని కూర్చోబెట్టి, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టించండి. కిడ్నీ దెబ్బతిన్నవారికి సాధారణంగా 130/80 లోపు ఉండేట్టు చూస్తారు. వరుసగా రెండు మూడు రోజులు అంతకు మించి ఉంటే ఫోను చేయాలి.

స్టెరాయిడ్ వల్ల వచ్చే గుండ్రని ముఖానికీ, కిడ్నీ వాపుకూ తేడా తెలుసుకోవడం మీ ఇంట్లో చాలా అవసరం, ఎందుకంటే మీ చెల్లెలికి ఈ రెండూ వచ్చాయి. స్టెరాయిడ్ ముఖం పొద్దున ఎలా ఉంటుందో సాయంత్రమూ అలాగే ఉంటుంది, బుగ్గలు నిండుగా ఉంటాయి, నొక్కితే సొట్ట పడదు. కిడ్నీ నీరు పొద్దున లేచేసరికి కనురెప్పల చుట్టూ ఉబ్బు చూపించి, పొద్దెక్కేకొద్దీ కాళ్లలోకి దిగుతుంది. చీలమండకు పైన ముందువైపు ఎముక మీద బొటనవేలితో పది లెక్కపెట్టేదాకా నొక్కి తీయండి, వేలిగుంట అలాగే మిగిలితే అక్కడ నీరు ఉన్నట్టు. పగలు చెప్పుల పట్టీల అచ్చు, రాత్రి కాలి వెండి పట్టీల కింద ముద్ర కూడా అదే చెబుతాయి. మూత్రం పోసిన తర్వాత నురుగు సబ్బు నీళ్లలా నిలిచి, నీళ్లు పోసినా తొందరగా పోకపోతే ప్రోటీన్ పోతోందని అనుమానించాలి. మందుల షాపులో దొరికే మూత్రం పరీక్ష పట్టీలతో వారానికి ఒకసారి తెల్లవారుజాము మూత్రాన్ని చూసి రాసుకోవచ్చు, అయితే అది ల్యాబ్ పరీక్షకు బదులు కాదు. మూత్రం రంగు మాంసం కడిగిన నీళ్లలా మారినా, పరిమాణం తగ్గినా ఆ రోజే చెప్పాలి.

ఇంకొక చోటు ఉంది, అక్కడ నేనే ఒకసారి తప్పుచేశాను. నోటి పుండ్లు ఉన్నాయా అని రోగిని అడిగి, లేవంటే లేవని కేసు షీటులో రాసేదాన్ని. ఒకరోజు రౌండ్సులో డాక్టరు ఆ అమ్మాయి తల వెనక్కి వంచి టార్చి వేస్తే అంగిలి మీద రూపాయి బిళ్లంత ఎర్రటి పుండు కనిపించింది. లూపస్ పుండ్లు చాలాసార్లు నొప్పి పుట్టించవు కాబట్టి ఉన్న సంగతి రోగికే తెలియదు. వారానికి రెండుసార్లు కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టి, ఫోను టార్చితో పై అంగిలి చూడండి. తెల్లటి పెరుగు తరకలాంటి పూత కనిపిస్తే అది లూపస్ కాకుండా స్టెరాయిడ్ వల్ల వచ్చే ఫంగస్ కావచ్చు, దానికి మందు వేరు. మెత్తటి బ్రష్షు, భోజనం తర్వాత గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించి ఉమ్మడం ఈ రెండింటికీ మంచిదే.

జ్వరం గురించి కాస్త గట్టిగా చెప్పాలి. లూపస్ రేగినా జ్వరం వస్తుంది, అంటురోగం వచ్చినా జ్వరం వస్తుంది. మొదటిదానికి మందు పెంచుతారు, రెండోదానికి అదే మందును జాగ్రత్తగా చూసుకోవలసి వస్తుంది. ఏది ఏదో రక్తపరీక్షలు చూసి డాక్టరే తేల్చాలి గాని చేయి పెట్టి చూసి మనం చెప్పలేం. అందువల్ల 100.4 ఫారెన్‌హీట్ దాటితే ముందు థర్మామీటరు అంకెను పుస్తకంలో రాసి, ఆ రోజే ఆసుపత్రికి ఫోను చేయండి, పారాసెటమాల్ వేసి రెండు రోజులు చూద్దామనుకోకండి. స్టెరాయిడ్ జ్వరాన్ని అణచిపెడుతుంది కాబట్టి 99 మీద కూడా చలి, వణుకు, మగత ఉంటే నమ్మకూడదు. రెండు వారాలు దాటిన దగ్గును క్షయ పరీక్ష లేకుండా వదలకూడదు. ఇంట్లోగాని పక్కింట్లోగాని పిల్లలకు ఆటలమ్మ వస్తే, అమ్మవారు పోసిందని ఊరుకోకుండా, మీ చెల్లెలు ఆ పిల్లలకు దగ్గరగా వచ్చిందని డాక్టరుకు వెంటనే చెప్పండి. ఒంటికి ఒకవైపు మంటతో నీటి పొక్కులు పట్టీలా లేస్తే అది అక్కి, దానికి మొదటి మూడు రోజుల్లో మందు పడితే ఫలితం బాగుంటుంది, ఆకు రసాలు రాస్తూ కూర్చుంటే ఆ గడువు దాటిపోతుంది. ఫ్లూ, న్యుమోనియా టీకాలు ఆమెకు మేలు చేస్తాయి, ఎప్పుడు వేయాలో డాక్టరును అడగండి. సజీవ క్రిములతో చేసిన టీకాలు మాత్రం ఈ మందులు వాడుతున్నంతకాలం వేయరు.

ఊళ్లో నొప్పుల సూదులు వేయించామని రాశారు. అప్పుడు మీకు తెలియదు, అందులో మీ తప్పు లేదు. ఇకపై మాత్రం డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు సూదిగాగాని మాత్రగాగాని వద్దు, అవి కిడ్నీకి ఇంకా హాని చేస్తాయి. సల్ఫా జాతి యాంటీబయాటిక్‌లు లూపస్ ఉన్న కొందరిలో దద్దుర్లు పుట్టించి జబ్బును రేపుతాయి కాబట్టి, లూపస్ సంగతి తెలిసిన డాక్టరు ఆలోచించి రాస్తే తప్ప వాడకండి. ఆమె పర్సులో ఒక చీటీ ఉంచండి: జబ్బు పేరు, మందుల పేర్లు, మోతాదులు, స్టెరాయిడ్ వాడుతోందన్న మాట, మీ ఫోను నంబరు. ప్రమాదంలోనో, పళ్లు తీయించేటప్పుడో, ఆపరేషన్ టేబుల్ మీదో ఆ చీటీ చూసి స్టెరాయిడ్ పెంచవలసిన అవసరాన్ని వాళ్లు గుర్తిస్తారు.

మాత్రలు ఇచ్చే పద్ధతి ఇదీ. ప్రెడ్నిసొలోన్‌ను పొద్దున టిఫిన్ తర్వాత ఇవ్వాలి, సాయంత్రం పడితే రాత్రంతా నిద్ర పట్టదు. మోతాదు తగ్గించిన వారంలో ఇంట్లో 10 మిల్లీగ్రాముల స్ట్రిప్పు, 5 మిల్లీగ్రాముల స్ట్రిప్పు రెండూ ఉంటాయి, తప్పులు ఎక్కువగా జరిగేది ఆ వారంలోనే, కాబట్టి పాతదాన్ని వేరే డబ్బాలో పెట్టి మూత మీద రాయండి. వేసిన ప్రెడ్నిసొలోన్ మాత్ర అరగంటలోపు వాంతిలో పోతే మళ్లీ వేయాలి, అదీ నిలవకపోతే ఇంజెక్షన్‌గా ఇవ్వవలసి ఉంటుంది, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మైకోఫినోలేట్‌ను విరగ్గొట్టి, పొడిచేసి ఇవ్వకండి, ఇంట్లో గర్భిణులెవరైనా ఉంటే ఆ పొడి వాళ్లు ముట్టుకోకూడదు కూడా. గ్యాస్ కోసం తాగే యాంటాసిడ్ సిరప్‌ను ఈ మాత్రలతో కలిపి ఇస్తే మందు ఒంటికి పట్టదు, మధ్యలో కొన్ని గంటల వ్యవధి ఉండాలి. బీపీ మామూలుగానే ఉంటే బీపీ మాత్ర ఎందుకని ఆపేవారు చాలామంది ఉన్నారు. కిడ్నీ జబ్బులో దాన్ని తరచుగా మూత్రంలో ప్రోటీన్ పోకుండా అడ్డుకోవడానికే ఇస్తారు.

హైడ్రాక్సీక్లోరోక్విన్ కోవిడ్ కాలంలో అందరి నోళ్లలో నానిన మందు. లూపస్‌లో దాని పని వేరు, నెమ్మదిగా రెండు మూడు నెలలకు గుణం చూపిస్తుంది, జబ్బు మళ్లీ రేగడాన్ని తగ్గిస్తుంది. రోజుకు కిలో బరువుకు సుమారు 5 మిల్లీగ్రాములు మించకుండా రాస్తారు. చాలా ఏళ్లు వాడితే కంటి వెనకపొర మీద ప్రభావం పడే అవకాశం ఉంది కాబట్టి మొదటి ఏడాదిలోనే ఒకసారి కళ్లు చూపించి ఆ రిపోర్టును దాచుకోవాలి. మామూలుగా ఐదేళ్ల తర్వాత నుంచి ఏటా చూస్తారు గాని, కిడ్నీ దెబ్బతిన్నవారికి ఆ పరీక్షలు అంతకంటే ముందే మొదలుపెట్టవలసి రావచ్చు, మీ డాక్టరును అడగండి.

ఎండ మీ ఇంట్లో పెద్ద సమస్యే, ఎందుకంటే కళ్లంలో మిరపకాయలు ఆరబోసే కాలమంతా ఎండలోనే గడుస్తుంది, ఆమెకు బుగ్గల ఎర్రదనం మొదలైందీ ఆ నెలల్లోనే. లూపస్ చర్మానికి ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే చర్మంతో ఆగదు, లోపల కీళ్లు, కిడ్నీ దాకా జబ్బు రేగవచ్చు. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా కళ్లం పని, డాబా మీద వడియాలు పెట్టే పని ఆమెకు వద్దు. పందిరి కింద కూర్చొని తాలు కాయలు ఏరడం కూడా అనుకున్నంత క్షేమం కాదు, తెల్లటి నేల నుంచి, పట్టాల నుంచి కిరణాలు పైకి కొడతాయి. కిటికీ అద్దంలోంచి కొంత వస్తుంది కాబట్టి బస్సులో ఎండ పడని వైపు కూర్చోవాలి. దళసరి నేత ఉన్న పొడుగు చేతుల బట్టలు, గొడుగు, మెడ మీదుగా చున్నీ ఇవి క్రీముల కంటే నమ్మదగ్గవి. సన్‌స్క్రీన్ కొంటే ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, 50 అయితే ఇంకా మంచిది, చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ సరిపోయేంత వస్తుంది. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి, బఠాణీ గింజంత తీసి పామితే రాయనట్టే. ఎండ తగలదు కాబట్టి విటమిన్ డి మాత్రను కాల్షియంతో పాటు తప్పకుండా వాడాలి.

ఆహారంలో పథ్యం పేరుతో పప్పు, గుడ్డు, పాలు అన్నీ మానిపించి చారన్నం పెట్టే ఇళ్లను చూశాను. మూత్రంలో ప్రోటీన్ పోతోంది కదా అని విపరీతంగా పెట్టనూ అక్కర్లేదు, కిడ్నీ జబ్బు కదా అని మానిపించనూ కూడదు. రోజూ ఒక గుడ్డో, కప్పు పప్పో, పెరుగో మామూలు మనిషి తిన్నంత తినాలి. కచ్చితంగా తగ్గించవలసింది ఉప్పు. రోజు మొత్తానికి ఒక టీస్పూను, అంటే 5 గ్రాములు మించకూడదు, అది కూరలోనే అయిపోతుంది. కాబట్టి ఆవకాయ, గోంగూర నిలవ పచ్చడి, ఊరమిరపకాయలు, అప్పడాలు, ఎండుచేపలు ఆమె కంచంలోకి రాకూడదు. ఉప్పు తగ్గిన కూరకు నిమ్మరసం, కొత్తిమీర, వేయించిన జీలకర్ర పొడి వేస్తే నాలుక పది రోజుల్లో అలవాటు పడుతుంది. పథ్యం వంట మీ నాయనమ్మ గారికి వచ్చి ఉంటుంది, ఆ బాధ్యతను ఆమెకు అప్పగించండి, పట్టుదల ఉన్న మనిషికి సరిపోయే పని అది. చూడటానికి వచ్చేవాళ్లు తెచ్చే కొబ్బరిబోండాల సంగతి మాత్రం ముందు డాక్టరును అడగండి. క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టవలసిన వ్యర్థం) పెరిగినవారిలోనూ, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవారిలోనూ రక్తంలో పొటాషియం పెరిగే ప్రమాదం ఉంటుంది. స్టెరాయిడ్ ఆకలిని రేపుతుంది, రాత్రి పదకొండింటికి డబ్బాలు తెరుస్తుంటే తిట్టకుండా, ఆ డబ్బాల్లో మిక్స్చరుకు బదులు మరమరాలు, జామకాయ ముక్కలు ఉండేట్టు చూడండి. బయట కోసి అమ్మే పండ్లు, పానీపూరి వద్దు.

అలసట గురించి మీరు రాయలేదు గాని అది ఉండే ఉంటుంది. ఆరోగ్యంగా కనిపిస్తూనే మధ్యాహ్నానికి మూలన పడుకునే అమ్మాయిని ఇంట్లో బద్ధకమంటారు, ఆ మాట జబ్బు కంటే ఎక్కువ నొప్పిస్తుంది. రోజులో ఆమెకు ఓపిక ఉండే వేళ ఏదో కనిపెట్టి స్నానం, బట్టలు, చదువు అప్పుడు పెట్టుకోనివ్వండి, మధ్యలో అరగంట పడుకోనివ్వండి. అలాగని రోజంతా మంచం మీద ఉంచకండి, పొద్దుగూకాక ఇరవై నిమిషాలు నడిస్తే ఎముకలకూ, నిద్రకూ మంచిది. తలదువ్వుకున్నాక దువ్వెనలో జుట్టు చూసి ఏడుస్తుంటే కొంచెం పొట్టిగా కత్తిరించుకోమనండి, జబ్బు అణిగితే చాలామందికి జుట్టు మళ్లీ వస్తుంది. కోపం, ఏడుపు, నిద్ర లేకపోవడం స్టెరాయిడ్ వల్ల కావచ్చు. కాని పొంతన లేకుండా మాట్లాడినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, ఎవరో తనను చంపడానికి వస్తున్నారని భయపడినా అది గాలి సోకడం కాదు, మెదడుకు సంబంధించిన లూపస్ కావచ్చు, లేదా మందు ప్రభావం కావచ్చు, అదే పూట ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అలా వెంటనే బయలుదేరవలసిన పరిస్థితులు మరికొన్ని ఉన్నాయి. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, గాలి లోపలికి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్టు నొప్పి, ఫిట్స్, ఒక్క కాలే వాచి పిక్క నొప్పి పుట్టడం, చిగుళ్ల నుంచి రక్తం, కాళ్ల మీద నొక్కినా మాయని ఎర్రటి చుక్కలు, తారులా నల్లటి విరేచనం, బీపీ పెరిగి భరించలేని తలనొప్పి, చూపు మసకబారడం. వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగకండి. రాత్రయినా 108కు ఫోను చేయండి.

పెళ్లి మాట. దాచిపెట్టి చేయవద్దు. ఇది నీతి కోసం చెప్పడం లేదు, వార్డులో చూసిన అనుభవంతో చెబుతున్నాను. దాచి చేసిన పెళ్లిలో అమ్మాయి మొదటి వారం నుంచే మాత్రలను బీరువాలో చీరల మడతల్లో దాస్తుంది, అత్తగారి ముందు వేసుకోలేక పూటలు తప్పిస్తుంది, రెండు నెలలకు మళ్లీ మా దగ్గరికే వస్తుంది. ఇప్పుడు సంబంధాల తొందర లేదు. కిడ్నీ లూపస్‌కు మందులు సాధారణంగా కనీసం మూడేళ్లు వాడవలసి ఉంటుంది, మొదటి ఏడాదిలో జబ్బు ఎంత అణిగిందో చూసుకొని మాట్లాడవచ్చు. పిల్లలు పుడతారా అని అడుగుతారు. లూపస్ ఉన్న చాలామంది స్త్రీలు క్షేమంగా బిడ్డల్ని కంటున్నారు, కాకపోతే అది ముందుగా ప్రణాళిక వేసుకోవలసిన విషయం. జబ్బు కనీసం ఆరు నెలలు అణిగి ఉండాలి. మైకోఫినోలేట్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి గర్భానికి కనీసం ఆరు వారాల ముందే దాన్ని ఆపి, సాధారణంగా అజథయోప్రిన్‌కు మారుస్తారు, బీపీ మాత్రను కూడా మార్చవలసి రావచ్చు. హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను మాత్రం గర్భంలోనూ కొనసాగిస్తారు. రక్తం గడ్డకట్టించే ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, బిడ్డ గుండె కొట్టుకోవడం మీద ప్రభావం చూపగల రో యాంటీబాడీలు ఉన్నాయేమో ముందే పరీక్షిస్తారు. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు ఆమెకు తగినవి కాకపోవచ్చు, డాక్టరును అడగకుండా వాడకూడదు. తల్లికి ఉంటే బిడ్డకు తప్పక వస్తుందన్నది నిజం కాదు, రిస్కు మిగతావారికంటే కొంత ఎక్కువ ఉన్నా, లూపస్ ఉన్న తల్లుల పిల్లల్లో ఎక్కువమందికి ఈ జబ్బు రాదు.

వచ్చేసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు రూళ్ల పుస్తకం, పాత రిపోర్టులు తేదీల వరుసలో, ఖాళీ అయిన స్ట్రిప్పులు కూడా తీసుకెళ్లండి. మూత్రంలో ప్రోటీన్, క్రియాటినిన్, రక్తకణాల లెక్క, సీ3, సీ4 (లూపస్ రేగితే రక్తంలో తరచుగా తగ్గే ప్రోటీన్లు) పరీక్షలను వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయిస్తే పోల్చుకోవడం తేలిక. ప్రోటీన్ ఎంత తగ్గిందని అడగండి. మూడు నెలలకు కొంత, ఆరు నెలలకు దాదాపు సగం, ఏడాది తిరిగేసరికి రోజుకు అర గ్రాము దరిదాపుల్లోకి రావాలని డాక్టర్లు ఆశిస్తారు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. దూరం వల్ల ప్రతిసారీ హైదరాబాద్ వెళ్లలేకపోతే, ఏ పరీక్షలు దగ్గరి పట్నంలో చేయించి ఫోనులో చూపించవచ్చో ముందే మాట్లాడుకోండి. రుమటాలజిస్టులు (కీళ్ల జబ్బులు, లూపస్ వంటివి చూసే డాక్టర్లు), కిడ్నీ డాక్టర్లు ఇద్దరూ ఉన్న చోట చూపించడం మంచిది, హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీకి ప్రత్యేక విభాగమే ఉంది. ఖర్చు విషయంలో మీ ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఏ చికిత్సకు వర్తిస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను చేరిన రోజే అడగాలి, డిశ్చార్జి రోజు అడిగితే ఆలస్యమవుతుంది.

ఆ వెళ్లే రోజు పొద్దున ప్రెడ్నిసొలోన్ మాత్ర మానకండి. పరగడుపు పరీక్ష ఉందని చాలామంది మాత్ర కూడా వేయకుండా బయలుదేరతారు, క్యూలో మధ్యాహ్నం అయిపోతుంది. టిఫిన్ డబ్బా, మాత్ర రెండూ సంచిలో పెట్టుకొని, రక్తం ఇచ్చిన వెంటనే అక్కడే బల్ల మీద కూర్చోబెట్టి తినిపించి వేయండి.